ఆగిన ఫ్యాను

నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చిన్నది. మా యింటి మేడమీద, ఏసీ యంత్రము యొక్క బయటిపెట్టెలో, జానెడైనను లేని మోటారొకటి కలదు. ఒక ఫ్యానును త్రిప్పుట తప్ప దానికి వేఱు పని లేదు. అది 2022లో ఒకమారు, 2023లో ఒకమారు ఆగినది. మొదటిమారు నేను చేసినది తప్పు; రెండవమారు చేసినది కొంతవరకు ఒప్పు. ఆ మొదటి తప్పునకు మా తల్లి మూడు రాత్రులు శిక్ష ననుభవించినది. అందుచేతనే దీనిని నలుగురికి చెప్పవలెనని తోచినది.

మాది నర్సీపట్నము. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాలో చేరిన యూరు. అంతకుమున్ను విశాఖపట్టణము జిల్లాలోనిది. మా యూరినుండి చింతపల్లి బాట పట్టి ఘాటీ యెక్కినచో లంబసింగి వచ్చును. శీతకాలమున అచ్చటి మంచును చూచుటకు ఎక్కడెక్కడివారో కార్లు కట్టుకొని మా వీథులగుండ పోవుదురు. వారిలో కొందరు నర్సీపట్నము కూడ చల్లని యూరే కాబోలు ననుకొని, "మీరు అదృష్టవంతులండీ" యని మమ్ము దీవించి పోవుటయు కలదు. కొండ చల్లదనము కొండకే చెల్లును. క్రిందనున్న మాకు వేసవిలో దక్కునది ఎండయు, సముద్రము పంపెడి తేమయు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని పెద్దలందురు. రోళ్లు పగులుటను నేను చూడలేదు. ఒడలిమీది చెమట యారకుండుటను మాత్రము ఏటేట చూచుచునే యున్నాను.

చెమట పట్టినంతమాత్రమున ఒడలు చల్లబడదు. ఆ చెమట యారినప్పుడు చల్లబడును. గాలియందు తేమ నిండియున్నచో అది యారదు. పడుచువారు ఎట్లో సహింతురు. ఎనుబదిరెండేండ్ల వయసున, జ్వరముపడి లేచిన మనిషి ఎట్లు సహించును? మా తల్లికొరకే మేము ఏసీ పెట్టించితిమి. అంతవరకు ముప్పదియొక్క సంవత్సరములు బడిలో భౌతికశాస్త్రము బోధించిన నేను, దానిని ధనికుల వేడుకగానే యెంచుచుంటిని.

ఈ యంత్రము పుట్టినదియు మనుష్యుల సుఖముకొరకు కాదు. 1902లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయమున, గాలిలోని తేమకు కాగితము ఉబ్బుచు కుంచించుచు నుండుటచేత రంగులు ఒకదానిమీద నొకటి సరిగా పడకుండెడివి. ఆ కాగితమును కాపాడుటకై విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు తేమను అదుపులో నుంచు యంత్రమును రచించెను. కాగితమునకై పుట్టినది కాలక్రమమున ముసలితల్లుల గదులలోనికి వచ్చి చేరినది.

ఏసీ గదిలోనికి చలిని తెచ్చునని మనమందుము. నిజమునకు అది తెచ్చునది లేదు, తీసికొనిపోవునదే కలదు. లోపలిపెట్టెలోని గొట్టములలో ప్రవహించు ద్రవము గదిలోని వేడిమిని పీల్చుకొని ఆవిరియగును. ఆ యావిరిని కంప్రెసరు అదిమి, మఱింత వేడిచేసి, బయటిపెట్టెలోని గొట్టములలోనికి నెట్టును. ఆ గొట్టములకు పలుచని అల్యూమినియము రేకులు తొడిగియుండును. మనము చెప్పుకొనుచున్న ఫ్యాను వెనుకనుండియు ప్రక్కనుండియు గాలిని ఆ రేకుల సందులగుండ లాగి ముందునకు విసరును. అంతట వేడి వెలికిపోయి ఆవిరి మరల ద్రవమగును. ఫ్యాను ఆగినచో వేడికి దారి మూసికొనిపోవును. గొట్టములలో పీడనము పెరుగును. కంప్రెసరు కొంతసేపు పెనగులాడి, తన రక్షణసాధనము విడిపోగా ఆగును, చల్లారి మరల మొదలుపెట్టును, మరల ఆగును. లోపల గాలి మొదట చల్లగను, పిమ్మట నులివెచ్చగను వచ్చును. ఇట్లు రాత్రియంతయు నడిపినవాడు, కొద్ది రూపాయలతో పోవలసిన చెడును కంప్రెసరు ప్రాణముమీదికి తెచ్చుకొనును.

2022లో నేను చేసినది సరిగా అదియే. ఆ యేటి మే నెలలో ఒకనాటి మాపటివేళ మా తల్లి నన్ను పిలిచి, "ఏట్రా నాన్నా, పైని ఫేను తిరగటం లేదు. ఒట్టి మూలుగే వినిపిస్తంది" అనెను. ఆమెకు చూపు మందగించి చాలకాలమైనది. మంచముమీద పండుకొని, మేడమీది చప్పుళ్లు, వీథిలోని చప్పుళ్లు చెవితోనే పోల్చుకొనుచుండును. నేను లోపలిపెట్టె వైపు చూచితిని. గాలి వచ్చుచునే యున్నది. "తిరుగుతోందమ్మా, నీవు పడుకో" అంటిని. ఆ రాత్రి యంత్రము ఆగుచు, మొదలిడుచు, ఆగుచు నుండగా నేను రిమోటును చేతబట్టి డిగ్రీలను తగ్గించుచు కూర్చుంటిని. ఇరువదినాలుగు, ఇరువది, పదునెనిమిది! సైన్సు చెప్పిన పంతులు చేసిన పని యిది.

మఱునాడు మెకానిక్కు వచ్చెను. అతడు నా యొద్ద ఎనిమిదవ తరగతి చదివినవాడే. చురుకైనవాడు, చేతివాటము లేనివాడు. పెట్టె మూత విప్పి, ఫ్యాను మోటారు తీగలకు మీటరు ఆనించి, ముల్లు కదలకుండుట చూపి, "మేస్టారూ, మోటారు పోనాదండి. వైండింగు తెగిపోనాది. కొత్తదెయ్యాల" అనెను. ముట్టుకొని చూచితిని, మోటారు చేయి కాలునంత వేడిగా నుండెను. కాలిపోయినదని నమ్ముటకు అంతకంటె సాక్ష్యమేమి కావలెను? విశాఖపట్టణమునుండి మోటారు వచ్చుటకు మూడు దినములు పట్టినది. ఆ మూడు రాత్రులు మా తల్లిని వసారాలో పండుకొనబెట్టి, తడిగుడ్డతో ఒడలు తుడుచుచు, విసనకఱ్ఱతో విసరుచు గడపితిమి. మూడవరాత్రి ఆమె మాట తడబడినది. తెల్లవారుజామున ఆసుపత్రికి తీసికొనిపోయి సెలైను ఎక్కించిరి. ఆ తరువాత కోలుకొనినది.

మోటారు వచ్చినది. మెకానిక్కు దానిని బిగించుచు, "కెపాసిటరు కూడా మార్చీసేనండి, ఎప్పుడూ రెండూ కలిపే ఏస్తాం" అనెను. ఫ్యాను తిరిగినది. మోటారుకు మూడువేల చిల్లర యైనది. కెపాసిటరునకు లెక్కకు రానంత. పాత మోటారును అతడు నాకే యిచ్చిపోయెను. నేను దానిని అటకమీద పడవేసితిని.

సరిగా యేడాదికి, 2023 మే నెలలో, మరల అదే మూలుగు. ఈసారి అమ్మ చెప్పినవెంటనే నేను మెట్లెక్కి చూచితిని. కంప్రెసరు మ్రోగుచున్నది, ఫ్యాను రెక్కలు నిలిచియున్నవి. క్రిందికి దిగివచ్చి యంత్రమును ఆపితిని. రిమోటుతో ఆపి యూరకుండలేదు. గోడమీది స్విచ్చును, బోర్డులోని ఎంసీబీని కూడ దింపితిని. రిమోటు నొక్కుట యంత్రమును నిద్రపుచ్చుటయే గాని కరెంటును తెంచుట కాదు. ఈ భేదము తెలియక పెట్టె విప్పినవారికి ప్రాణాపాయము.

మెకానిక్కు చీకటిపడువేళకు వచ్చెను. ఆనాటికి అతనికి అది పదునొకండవ యిల్లట. మీటరు ఆనించెను, ముల్లు కదలలేదు. "మళ్లీ మోటారేనండి" అని తల గోకికొనెను. అతనికిని ఏదో సరిపడలేదు గాని ఆలోచించుటకు తీరిక లేదు; వేఱొక యింటివారు ఫోనుమీద కేకలు వేయుచుండిరి. మఱునాడు ఆదివారము. మోటారు రెండు దినములకు గాని రాదు. అతడు వెళ్లిపోయినపిమ్మట నాకు అటకమీది మోటారు జ్ఞాపకము వచ్చినది. యేడాదికి ఒక మోటారు కాలుటేమి? ఒకే కంపెనీవి రెండు, ఒకే విధముగా, ఒకే నెలలోనా?

నిచ్చెన వేసికొని అటకయెక్కి దానిని దింపితిని. దుమ్ము దులిపి ఇరుసును వ్రేళ్లతో త్రిప్పగా నెమ్మదిగా, గరగరలాడక తిరిగినది. బేరింగులు బిగిసిన మోటారు ఇట్లు తిరుగదు. అరిగినదైనచో ఇరుసు ప్రక్కకు ఊగును. ముక్కునకు దగ్గరగా పెట్టుకొనగా కాలిన వాసన లేదు. ఉద్యోగములో నుండగా కొన్న మల్టీమీటరు తెచ్చితిని. ఇట్టి మోటారునకు ముఖ్యమైన తీగలు మూడు: ఒకటి ఉమ్మడితీగ, ఒకటి ప్రధానమైన చుట్టకు, ఒకటి సహాయకమైన చుట్టకు. రంగులనుబట్టి పోల్చరాదు, కంపెనీకొక రంగు. పెట్టె మూతకు లోపలివైపున అంటించిన పటమును చూడవలెను. ఉమ్మడితీగకును ప్రధానపు చుట్టకును నడుమ 190 ఓములు. ఉమ్మడికిని సహాయకమునకును నడుమ 230. ఆ రెండు చుట్టల కొసలకు నడుమ 420. రెండింటి మొత్తము మూడవది. చుట్టలు సలక్షణముగా నున్నవనుటకు అంతకంటె చక్కని లెక్క లేదు. తెగిపోయినదని తీర్పుపొంది, యేడాది దుమ్ములో పడియున్న మోటారు నిర్దోషి!

మఱి ఆనాడు ముల్లు ఏల కదలలేదు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నాకు అరగంట పట్టినది. మోటారు చుట్టలలో, సాధారణముగా ఉమ్మడితీగ దారిలోనే, ఒక చిన్న ఉష్ణరక్షకమును దాచియుంతురు. అది రెండు లోహములను అతికించిన పలుచని రేకు. మోటారు మితిమీరి వేడెక్కినచో ఆ రేకు వంగి కరెంటుదారిని విడదీయును. చల్లారినపిమ్మట తనంతటతానే కలుపును. మోటారు కాలిపోకుండుటకై తయారుచేసినవాడు పెట్టిన కాపలాదారు అది. వేడిగానున్న మోటారుకు మీటరు పెట్టినవానికి ఆ కాపలాదారుడు తలుపు మూసియుండుట కనబడును. అతడు ఇల్లు కూలిపోయినదనుకొనును. ఉమ్మడితీగను విడిచి తక్కిన రెండు కొసలకు నడుమ మీటరు పెట్టియుండినచో ముల్లు కదలియుండును. అప్పుడే గుట్టు బయటపడియుండును. లేదా ఒక గంట ఆగియుండవలసినది. ఎండలో, మేడమీద, పండ్రెండవ యింటివారు ఫోను చేయుచుండగా, గంటసేపు ఎవరాగుదురు?

అప్పటికి మేడమీది క్రొత్త మోటారును చల్లారి రెండు గంటలైనది. టార్చిలైటు పట్టుకొని పైకి పోయితిని. అదియు అదే లెక్క చెప్పినది. చుట్టలు చెడలేదు, ఇరుసు బిగియలేదు, తీగలను ఎలుక కొరుకలేదు. (ఇవియు జరుగుచుండును. చీమలు రిలేలో దూరి చచ్చుటచేత కరెంటు మోటారువఱకు రాకపోవుటను ఒకయింట చూచితిని.) ఇక మిగిలినది కెపాసిటరు.

ఇచ్చట కొంచెము నిలిచి, కెపాసిటరు చేయు పనిని చెప్పవలెను. మన యిండ్లకు వచ్చు కరెంటు ఒకే ఫేజుది. సెకనునకు 50 మారులు అటునిటు ఊగును. ఒకే తీగచుట్టలో ప్రవహించునపుడు అది అయస్కాంతబలమును ముందునకు వెనుకకు ఊగించునే గాని గుండ్రముగా త్రిప్పదు. తిరగలిని ఒకే గీతమీద ముందునకును వెనుకకును లాగినచో రాయి కదలాడును గాని పిండి రాలదు. ఒకరు లాగి అలయు సమయమునకు ఇంకొకరు ప్రక్కనుండి అందుకొని లాగినచో రాయి తిరుగును. ఆ రెండవచేయి కావలెను. అదియు సమయము తప్పక, పావు చుట్టు ముందుగా అందుకొనవలెను. మోటారులో సహాయకపు చుట్ట యే ఆ రెండవచేయి. దానికి వేళ తెలుపునది కెపాసిటరు. ఇట్లు తిరుగు అయస్కాంతక్షేత్రమును ఇటలీలో గలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా వేర్వేరుగా సాధించిరి. 1888లో ఇద్దరి కృషియు లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరమును, ఆ పేర్లను నేను పిల్లలచేత కంఠస్థము చేయించితిని. ఒక్కనాడైనను ఫ్యాను విప్పి చూపలేదు. మా మెకానిక్కు ఆ తరగతిలో కూర్చున్నవాడే.

కెపాసిటరు నీరసించినచో రెండవచేయి సన్నగిల్లును. మోటారు తిరుగలేక మూల్గును. తిరుగక నిలిచిన మోటారులో కరెంటు పనికి మారుగా వేడిగా మారును. వేడికి కాపలాదారు తలుపు మూయును. మా తల్లి వినిన మూలుగు అదియే. మీ యిండ్లలోని సీలింగు ఫ్యాను వేసవి నడుమ మెల్లగా తిరుగసాగినపుడు, ఎలక్ట్రీషియను వచ్చి చిన్న నల్లపెట్టె యొకటి మార్చిపోవును గదా, అది యీ జాతిదే.

ఈ కెపాసిటరులోపల సన్నని ప్లాస్టిక్కు పొరమీద అంతకంటె సన్నని లోహపుపూత పూసి చాపవలె చుట్టియుంతురు. పొరలో ఎచ్చటనైనను చిల్లిపడినచో చుట్టునున్న పూత ఆవిరియై పోయి, ఆ గాయము తనంతట మానును. మానిన ప్రతిమారు శక్తి రవంత తగ్గును. కావున అది ఒక్కనాడు ఢామ్మని చచ్చునది కాదు. వృద్ధులవలె కొంచెము కొంచెముగా క్షీణించును. చల్లని ఉదయమున త్రిప్పగలిగి, మండుటెండలో త్రిప్పలేకపోవును. అందుచేతనే యీ రోగము వేసవిలోనే బయటపడును.

దానిని ముట్టుకొనుటకు ముందొక జాగ్రత్త కలదు. కరెంటు తీసివేసినను కెపాసిటరు తనలో కొంత దాచుకొనియుండును. మన 230 వోల్టుల కరెంటు శిఖరమున 325 వోల్టులవఱకు ఎక్కును; ఆ శిఖరమున ఆగినచో అంతయు లోపలనే నిలిచియుండవచ్చును. ఫ్యానుది చిన్నది, దాని ప్రక్కనే యుండు కంప్రెసరు కెపాసిటరు దానికి పదింతలు పెద్దది. వేలు తగిలినచో విసరికొట్టును. మేడ అంచున నున్నవాడు క్రిందపడవచ్చును. కొందరు స్క్రూడ్రైవరు అడ్డముపెట్టి నిప్పురవ్వ లేపుదురు. నేను హోల్డరునకు రెండు తీగలు కట్టి, పాతకాలపు 60 వాట్ల బల్బును అడ్డముపెట్టితిని. తరువాత తీగలు విప్పి మీటరు పెట్టితిని. దానిమీద వ్రాసియున్నది 4 మైక్రోఫారడులు. మీటరు చూపినది 1.3.

రాత్రి పదియైనది. గదిలోని సీలింగు ఫ్యాను కెపాసిటరును ఊడదీసి దీనికి తగిలించిన నేమి యని ఆశ పుట్టినది. దానిమీద 2.5 అని యున్నది. చాలనిదానిని పెట్టినచో మోటారు తిరిగినను మరల వేడెక్కును; పైగా ఆ రాత్రి అమ్మకు మిగిలినది ఆ సీలింగు ఫ్యానొక్కటే. ఊరకుంటిని. తడిగుడ్డయు విసనకఱ్ఱయు మరల వచ్చినవి. "దొరికిందిరా?" అని ఆమె అడిగినది. "దొరికిందమ్మా, పొద్దున్నే తెస్తాను" అంటిని. "నేను నిరుడే చెప్పేను కదరా, తిరగటం లేదని" అని యూరకుండెను. ఆ మాటకు నా యొద్ద సమాధానము లేదు.

ప్రొద్దుట అంగడికి పోయి, అలవాటుచొప్పున "ఏసీ ఫ్యానుకు కండెన్సరు కావలె" నంటిని. అచ్చటి కుఱ్ఱవాడు బెదరిపోయి, "కండెన్సరా అండీ! అది ఇక్కడ దొరకదు, వైజాగు వెళ్లాల. వేలల్లో అవుద్ది" అనెను. సీలింగు ఫ్యానుకు కండెన్సరు అని మనమనునది కెపాసిటరు. ఏసీవారి భాషలో కండెన్సరు అనగా బయటిపెట్టెలోని గొట్టముల చట్రమంతయు! ఒకే మాట రెండు వస్తువులకు పెట్టి తెచ్చుకొనుటచేత ఎందఱు అక్కఱలేని భయమునకు, ఎందఱు అక్కఱలేని ఖర్చునకు లోనైరో! పాతది చూపగా అతడు నవ్వి, 4 మైక్రోఫారడులు, 440 వోల్టులు అని వ్రాసియున్న దానిని తీసియిచ్చెను. నూటయేబది రూపాయలు. వోల్టుల అంకె తక్కువగా నున్నది కొనరాదు. సహాయకపు చుట్ట దారిలో ఇంటి కరెంటుకంటె ఎక్కువ వోల్టేజి పుట్టును.

ఎనిమిది గంటలకు ఫ్యాను తిరిగినది. మెకానిక్కునకు ఫోను చేసి, మోటారు తేవలదని చెప్పి, తీరికయైనపుడు రమ్మంటిని. సాయంత్రము వచ్చెను. అటకమోటారునకు ఆ క్రొత్త కెపాసిటరును తగిలించి, బల్లమీద బిగించి, అతని కన్నులయెదుట త్రిప్పితిని. అతడు చాలసేపు మాటాడలేదు. తరువాత, "ఈ రెండు వేసవుల్లో ఎన్ని మోటార్లు తీసేనో మేస్టారూ" అనెను. మోసము చేయుటకు తీసినవి కావవి. రెండును కలిపి మార్చినపుడు ఏది చెడినదో ఎవరికి తెలియును? యంత్రము నడచినది గనుక వైద్యము సరియైనదని అందఱును నమ్ముదురు. నేనును నమ్మితిని, డబ్బిచ్చి ధన్యవాదములు కూడ చెప్పితిని. అతని మీద నాకు కోపము రాలేదనినచో అబద్ధమగును. ఆ మూడవరాత్రి తలపునకు వచ్చినపుడెల్ల వచ్చుచుండును. కాని ఆ కోపములో నా వంతు నాకు మిగిలియే యుండును.

అయినను ఒక ముడి వీడలేదు. యేండ్లతరబడి మన్నవలసిన కెపాసిటరు యేడాదికే ఏల క్షీణించినది? దీనిని కనుగొన్నవాడు మెకానిక్కే. పెట్టె చుట్టు తిరిగి చూచి, "మేస్టారూ, ఈ రేకులు ఎవరు కట్టించేరండి?" అనెను. కట్టించినది నేనే. మా యూరిమీద కోతులు పడి, గొట్టములమీది స్పాంజితొడుగులను పీకి, తీగలను లాగుచుండుటచేత, 2021లో పెట్టెకు వెనుకను, రెండు ప్రక్కలను, పైనను రేకుగూడు కట్టించి, ముందువైపు మాత్రము విడిచితిని. గాలి ముందుకు వచ్చును గదా యని నా యూహ. గాలి వచ్చునది ముందుకే. కాని లోనికి పోవునది వెనుకనుండి, ప్రక్కనుండి. ఆ దారులనే నేను మూసితిని. ముందునకు విసరిన వేడిగాలియే మరల గూటిలోనికి తిరిగివచ్చుచుండెను. పడమటియెండకు రేకులు కాగి, గూడు పెనమైనది. వేడిమి పది డిగ్రీలు పెరిగిన కొలది కెపాసిటరు ఆయువు ఇంచుమించు సగమగునని ఇంజనీర్ల వాడుకలెక్క. కోతులనుండి కాపాడితిననుకొని, దానిని నేనే ఉడికించితిని.

ఆ సాయంత్రమే ఇద్దరము కలిసి రేకులు విప్పితిమి. వాని స్థానమున పెట్టెకు మూరెడు దూరముగా ఇనుపజాలి కట్టించితిమి; ఎండకు అడ్డముగా పైన, చేయి దూరునంత ఎత్తున, ఒక పందిరి. కోతులు జాలిమీద ఎక్కి కూర్చుండును; లోనికి చేయి చొప్పింపలేవు.

ఇంకొక మాట చెప్పవలెను. మాది పాతతరహా యంత్రము. ఇప్పుడు విరివిగా వచ్చుచున్న ఇన్వర్టరు ఏసీలలో పెక్కింటి ఫ్యాను మోటార్లు వేఱుజాతివి. వానికి ఈ కెపాసిటరు లేదు. మోటారును నడపునది బోర్డుమీది సర్క్యూటు. కరెంటు ఉండగా ఆ మోటారు ప్లగ్గు పీకినచో బోర్డును మోటారును రెండును పోవచ్చును. నేను చెప్పిన ఓముల లెక్క అచ్చట చెల్లదు. అట్టిదానిని తెలిసినవానికే విడిచిపెట్టవలెను. పాతతరహా యంత్రమైనను, గోడకు వ్రేలాడదీసి నేలనుండి అందనంత యెత్తున నున్నచో, ఇంటివారు చేయవలసిన పని యొక్కటే: ఎంసీబీ దింపుట. ఆగిన రెక్కలను పుల్లతో నెట్టి చూచెడి అలవాటొకటి కలదు. నెట్టగనే తిరిగినచో పెక్కుమారులు కెపాసిటరే చెడియుండుననుమాట నిజమే. కాని అందుకు కరెంటు ఉండవలెను. రెక్క కదలినచో నిముసమునకు ఎనిమిది తొమ్మిదివందల చుట్లు తిరుగును. వ్రేలు పోగొట్టుకొని నేర్చుకొనవలసినంత విద్య కాదది.

చుట్టలనుండి పెట్టె లోహమునకు కరెంటు కారుచున్నదో లేదో తెలిసికొనుటకు మామూలు మల్టీమీటరు చాలదు. దానికి మెగ్గరు అను వేఱు సాధనము కావలెను. మెకానిక్కు ఇప్పుడొకటి కొన్నాడు. కెపాసిటరు కొలుచు మీటరు కూడ కొన్నాడు. వేడిమోటారును చూచినపుడు, "గంటాగి వస్తానండి" అని ఇంటివారితో చెప్పి, వారు విసుగుకొన్నను, మఱొక యింటి పని చూచుకొని వచ్చుచున్నాడు. అటకమోటారును అతనికే యిచ్చితిని. రాత్రివేళ ఎవరియింటనైనను నిజముగా మోటారు కాలినప్పుడు, క్రొత్తది వచ్చువఱకు అది వారి మేడమీద తిరుగుచుండును; పని తీరినపిమ్మట మరల అతని సంచిలోనికి వచ్చును.

2024 వేసవికి ముందు, ఉగాది వెళ్లిన వారమున, ఎంసీబీ దింపి, బల్బు అడ్డముపెట్టి, మా కెపాసిటరును మరల కొలిచితిని. 3.9 చూపినది. క్రిందికి దిగివచ్చి ఏసీ వేయగా, అమ్మ కొంచెముసేపు చెవియొగ్గి, "తిరుగుతోందిరా" అనెను.